సూళగిరి తెలుగువారు ప్రవాసాంధ్రులా?

ఆంధ్రదేశానికి వెలుపల పుట్టిన రచనలను పేర్కొనవలసి వచ్చినప్పుడు మన సాహిత్య చరిత్రలు సాధారణంగా రెండు మాటలు వాడుతుంటాయి. ఒకటి ప్రవాసాంధ్రులు, రెండవది రాష్ట్రేతరాంధ్రులు. మొదటిది అమెరికా, మారిషస్, మలేషియా వారికి, రెండవది మద్రాసు, బెంగళూరు, బొంబాయి వారికి అని స్థూలంగా ఒక విభజన ఉన్నా, ఆచరణలో ఈ రెండూ కలిసిపోతుంటాయి. హోసూరు నుంచో సూళగిరి నుంచో వచ్చిన రచయితను వేదిక మీదికి పిలిచేటప్పుడు 'ప్రవాసాంధ్ర రచయిత' అని పరిచయం చెయ్యడం కద్దు. ఆ పిలుపులో అగౌరవమేమీ లేదు. అయితే ఆ మాటకు లోబడి మన విమర్శ ఆ ప్రాంతపు రచనలను ఎలా చదువుతున్నది, ఏమి చదవకుండా వదిలేస్తున్నది అన్నది పరిశీలించదగిన విషయమని మేము భావిస్తున్నాం.

పదాలతోనే మొదలుపెడదాం. ప్రవాసమంటే స్వస్థలాన్ని విడిచి వేరొక చోట ఉండటం. అందులో ఒక ప్రయాణం ఉంది, బయలుదేరిన ఊరు ఉంది, తిరిగి వెళ్ళగలమన్న ఆశో వెళ్ళలేమన్న దిగులో ఉంది. సూళగిరి చుట్టుపక్కల పల్లెల్లో రాగి చేను, కొత్తిమీర మడి సాగు చేసుకునే తెలుగు రైతుకు వీటిలో ఒక్కటీ లేదు. విజయనగర కాలంలో దక్షిణానికి సాగిన వలసల మాట నిజమే. కాని నాలుగైదు వందల ఏళ్ళ కిందటి వలసను కూడా ప్రవాసంగా లెక్కిస్తే ఈ దేశంలో స్థానికుడనేవాడు దొరకడం కష్టం. ఆ రైతు ఉన్నచోటనే ఉన్నాడు. అతని ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నదో చెప్పే గీత మాత్రం అతన్ని అడక్కుండా గీయబడింది.

తమిళంలో బయటినుంచి వచ్చి చేరినవాణ్ణి తూలనాడేటప్పుడు 'వందేరి' అంటారు. తమిళనాడులోని తెలుగువారిని ఉద్దేశించి రాజకీయ వేదికల మీద ఈ మాట వాడినవారున్నారు. మన సభల్లో ఆదరంగా అనే 'ప్రవాసి'కీ, అక్కడ కోపంగా అనే 'వందేరి'కీ స్వరంలో తేడా ఉందేమో గాని అర్థంలో ఎంత తేడా ఉంది? నువ్వు ఈ నేలవాడివి కావు అన్నదే రెండింటి సారం. ఆదరంతో అన్నవాడు నీ ఇల్లు మా దగ్గర ఉందంటాడు, కోపంతో అన్నవాడు నీ ఇంటికి నువ్వు పొమ్మంటాడు. ఈ మాటను ఖండించే మన పత్రికలే ఆ మాటను బిరుదులా వాడటం విచిత్రం.

'పౌరుడు' అన్న మాట కూడా చూడదగినదే. అది పురం నుంచి వచ్చింది, పురంలో ఉండేవాడు పౌరుడు. పల్లెలో ఉండేవాడికి ఆ మాటలో చోటు లేదు. తమిళంలో దీనికి 'కుడిమగన్' అంటారు. కుడి అంటే స్థిరంగా కాపురమున్న ఇల్లు, ఆ ఇంటి కొడుకు కుడిమగన్. కూతుళ్ళ సంగతేమిటన్న ప్రశ్న అక్కడా ఉంది. తాగుబోతు అన్న అర్థం కూడా వచ్చేలా ఆ మాట మీద తమిళులు వేసుకునే ఛలోక్తి వేరే సంగతి. మేము చెప్పదలచింది ఇది: పొరుగు భాషలో పౌరుణ్ణి చెప్పే మాట స్థిరనివాసం నుంచి పుట్టింది. ఆ లెక్కన సూళగిరి రైతు తమిళ నిఘంటువు ప్రకారం సంపూర్ణ పౌరుడు, తెలుగు సభల లెక్కన ప్రవాసి.

ఇక చరిత్ర. కృష్ణగిరి ప్రాంతానికి బారామహల్ అని పేరుండేది. 1792 నాటి శ్రీరంగపట్టణం ఒడంబడికతో అది టిప్పు సుల్తాను చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. హోసూరు వైపు మీది భూములు 1799 దాకా మైసూరు కిందనే ఉన్నాయి. బారామహల్‌లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో చేసిన భూమి కొలతల నుంచే రైత్వారీ పద్ధతి రూపుదిద్దుకున్నదని చరిత్ర విద్యార్థులకు తెలుసు. మధ్యలో జమీందారు లేకుండా రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క, దానికి గుర్తుగా పట్టా. మన్రో పేరు దత్తమండలాలతో ముడిపెట్టి చెప్పుకోవడమే మనకు అలవాటు. ఆయన ఈ పని నేర్చింది మాత్రం ఈ నేల మీద, 1792 నుంచి 1799 దాకా. ప్రభుత్వంతో కాగితం మీద సంబంధం పెట్టుకోవడమనేది ఈ పల్లెలకు రెండు వందల ఏళ్ళకు పైబడిన అనుభవం. ఈ విషయాన్ని తరువాత మళ్ళీ ప్రస్తావించవలసి వస్తుంది.

ఈ ప్రాంతం సేలం జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు వాదమంతా మద్రాసు నగరం, బళ్ళారి చుట్టూ తిరిగింది. హోసూరు గురించి అంత గొంతు పలకలేదు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ పెనవేసుకున్న చోట ఎవరి హక్కు అని గట్టిగా చెప్పడం తేలిక కాదు కూడా. అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి స్వయంగా హోసూరు పక్కనున్న తొరపల్లిలో 1878లో పుట్టినవారు కావడం గమనార్హం. తరువాత పటాస్కర్ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, భాషా మెజారిటీని, భౌగోళిక సామీప్యాన్ని చూసి తన నిర్ణయం ఇచ్చారు. దాని ఆధారంగా వచ్చిన 1959 నాటి హద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలైంది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం చిత్తూరు నుంచి మద్రాసుకు వెళ్ళింది. సేలం, చెంగల్పట్టు జిల్లాల నుంచి కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. హోసూరు, సూళగిరి అక్కడే ఉండిపోయాయి. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రం దగ్గరికి వచ్చింది, కచేరీ భాష మారలేదు.

మన సాహిత్య చరిత్రలో తమిళదేశపు తెలుగుకు చోటు లేదని ఎవరూ అనరు. దక్షిణాంధ్ర వాఙ్మయమని ఒక యుగాన్నే కేటాయించాం. రఘునాథ నాయకుడు, విజయరాఘవ నాయకుడు, తంజావూరు, మధుర, యక్షగానాలు. పరీక్షల్లో ఈ ప్రశ్న రాని ఏడాది ఉండదు. అయితే అది ఏలినవారి తెలుగు. 1673తో తంజావూరు నాయకరాజుల కథ ముగిసింది. ఏలుబడిలో ఉన్నవారి తెలుగు గురించి ఆ తరువాత మనకు అధ్యాయాలు లేవు. ఆస్థానం ఉన్నంతవరకు అది దక్షిణాంధ్ర యుగం, ఆస్థానం పోయాక అది సరిహద్దు యాస. ఈ జారుడును సాహిత్య చరిత్రకారులు ఎవరూ ప్రశ్నించినట్టు కనబడదు.

విదేశాలలోని తెలుగువారితో పోల్చి చూస్తే సూళగిరి సమస్య స్వభావం మరింత స్పష్టపడుతుంది. రంగూన్ రేవులో పనిచేసిన తెలుగు కూలీలను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో వారి మీద దాడులు జరిగాయి. 1942లో యుద్ధం వల్ల, 1964 ప్రాంతంలో జాతీయీకరణ వల్ల వేలమంది తిరిగి వచ్చారు. వారికి ఆ దేశంలో శ్రమ ఉంది, పౌరసత్వం లేదు. మారిషస్‌లో కథ వేరు. 19వ శతాబ్దంలో చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువారి సంతతి 1968లో స్వతంత్ర దేశపు పౌరులయ్యారు. ఇవాళ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం, తెలుగు బడిలో ఐచ్ఛిక విషయం. ఇంట్లో మాత్రం క్రియోల్. అమెరికాలో 1977లో తానా ఏర్పడింది. భారతదేశం 2005లో విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఓ.సి.ఐ. కార్డు ఇచ్చింది, దానితో ఓటు రాదు. భారత పౌరసత్వం వదులుకోనివారికి 2010 సవరణతో ఓటరు జాబితాలో చేరే హక్కు వచ్చింది, అయితే సొంత నియోజకవర్గానికి స్వయంగా వచ్చి వెయ్యాలి.

ఈ మూడింటికీ సూళగిరికీ పోలిక లేదు. సూళగిరి తెలుగువారికి పౌరసత్వం పుట్టుకతో ఉంది. ఓటు ఉంది, పట్టా ఉంది, రేషను కార్డు ఉంది, పంచాయతీ పదవి కూడా ఉంది. లేనిది ఆ పౌరసత్వాన్ని తన మాటలో నడుపుకునే వెసులుబాటు. విదేశాంధ్రుడు హక్కు లేనిచోట భాషను పండుగగా కాపాడుకుంటాడు. ఇతడు హక్కు ఉన్నచోట భాషను ఇంటి గడప దగ్గర విడిచి కచేరీకి పోతాడు. ఈ రెండు స్థితులను ఒకే మాటతో పిలవడం వల్ల రెండవ స్థితి మన కంటికి ఆనడం లేదు.

చట్టంలో ఏముందో కూడా చూద్దాం. సాహిత్య విమర్శలో రాజ్యాంగమెందుకని కొందరు పెద్దలు నొసలు ముడివేయవచ్చు, కాని ఇక్కడ అది లేనిదే విషయం నడవదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తన కష్టం తీర్చమని కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వవచ్చు. 1956లో ఏడవ సవరణతో రెండు అధికరణాలు చేరాయి. 350-ఎ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించమంటుంది. 350-బి భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. తరువాత అంగీకరించిన రక్షణ సూత్రాల ప్రకారం జిల్లాలో గాని అంతకన్న చిన్న విభాగంలో గాని 15 శాతం ఉన్నవారి భాషలో ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు అనువదించి ప్రచురించాలి. తరగతిలో 10 మంది, బడిలో 40 మంది పిల్లలుంటే ఆ భాషలో బోధన ఏర్పాటు చెయ్యాలి. 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం ఇంకొక అడుగు వేసి, పంచాయతీలో ప్రకటన 'స్థానిక భాష'లో పెట్టాలంటుంది. తమిళనాడులో పారిశ్రామిక అవసరాలకు భూమి తీసుకోవడానికి 1997 నాటి రాష్ట్ర చట్టం వేరే ఉందన్నది మరచిపోకూడదు.

స్థానిక భాష అంటే ఏది? ఉద్దనపల్లిలో, బేరికెలో, బాగలూరులో, వేపనపల్లిలో ఈ ప్రశ్నకు ఇంటింటికీ ఒక జవాబు వస్తుంది. తళి వైపు పోతే కన్నడం అంటారు. సర్కారు జవాబు ఒక్కటే. 1970ల నుంచి సిప్‌కాట్ పేటలు, ఆ తరువాత లారీలు, మోపెడ్లు, గడియారాలు చేసే కర్మాగారాలు హోసూరును మార్చివేశాయి. 2019లో అది నగరపాలక సంస్థ అయింది. ఉద్దనపల్లి వైపు సిప్‌కాట్ కొత్త విస్తరణకు భూములివ్వమంటూ 2023లో రైతులు నెలల తరబడి ధర్నాలో కూర్చున్నారు. ఈ ఉద్యమాలకు ఏ ఒక్క భాషా లేదు. రైతు పొలం గట్టు మీద తెలుగులో మాట్లాడుకుని, ధర్నాలో తమిళ నినాదం ఇస్తాడు. ఇది మనకు బాధ కలిగించవలసిన దృశ్యమా? మేము అలా అనుకోవడం లేదు. తమ భూమి కోసం పక్కవాడితో కలిసి అతని భాషలో గొంతు కలిపినవాడు మంచి పౌరుడే. కాని తనకు వచ్చిన నోటీసును తాను చదువుకోలేక వి.ఏ.ఓ. దగ్గరకో, చదువుకున్న పక్కింటి కుర్రవాడి దగ్గరకో పోవలసిన ముసలివాడి స్థితి వేరు. అర్జీని అక్కడ తమిళంలోలాగే 'మను' అంటారు. రాసేవాడు వేరు, వేలిముద్ర వేసేవాడు వేరు. పట్టా పుట్టిన నేల మీద పట్టాదారుకు తన కాగితం తనకు చదవరాని కాగితం కావడంలో ఒక పెద్ద కథ ఉంది.

బడి సంగతి దీనికి మూలం. తమిళనాడు 2006లో తమిళం నేర్చుకునే చట్టం చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు అది పదవ తరగతికి చేరింది. తమిళం మొదటి భాష, మాతృభాష ఐచ్ఛికం. 2016లో మద్రాసు హైకోర్టు భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్షనుంచి మినహాయింపునిచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది. ఏటా పరీక్షల ముందు కోర్టు మెట్లెక్కడం ఒక పండగలా మారింది. ఈ ఊళ్ళ పేర్లలో ఎక్కువ భాగం 'పల్లి'తో ముగుస్తాయి. తమిళంలో 'పళ్ళి' అంటే బడి. ఊరి పేరులోని పల్లి తెలుగు, ఊళ్ళోని పళ్ళి తమిళం. రెండింటి మధ్య ఒక్క అక్షరం.

ఇక్కడ మనవాళ్ళు ఒక విషయం దాటవేస్తుంటారు. తెలంగాణ ప్రభుత్వం 2018లో ఒక చట్టం చేసి బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. ఆ చట్టాన్ని తెలుగు భాషాభిమానులు చప్పట్లతో ఆహ్వానించారు. అదే నోటితో 2006 నాటి తమిళ చట్టాన్ని దుర్మార్గమన్నారు. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే పిల్లల గురించి చిత్తూరు తెలుగు రచయితలు ఎన్ని కథలు రాశారు? రాష్ట్రభాషను అందరూ నేర్వడం న్యాయమే అయితే రెండుచోట్లా న్యాయం. మాతృభాషను తీసివేయడం అన్యాయమే అయితే రెండుచోట్లా అన్యాయం. ఈ తూకం లేని భాషాభిమానానికి సూళగిరి పిల్లల తరఫున మాట్లాడే అర్హత తక్కువ. హోసూరును ఆంధ్రలో కలపాలన్న నినాదం అప్పుడప్పుడు వినిపిస్తుంటుంది. దాని వల్ల అక్కడి తెలుగువారికి ఒరిగింది 'వందేరి' అన్నవారికి ఒక సాకు దొరకడమే.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. ఈ సరిహద్దు నుంచి వచ్చిన రచనల్లో స.వెం. రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' ప్రసిద్ధమైనవి. అవి పులికాటు సరస్సు దీవుల కథలు. తమిళనాడు, ఆంధ్ర హద్దుల మీది తాత, అవ్వల నోటి తెలుగును అవి తెలుగు పాఠకులకు చూపాయి. కోలారు నుంచి కృష్ణగిరి దాకా విస్తరించిన మొరసునాడు అన్న పాత పేరును కథల సంకలనానికి పెట్టి మళ్ళీ వాడుకలోకి తెచ్చిన కృషిలోనూ ఆయన పాలుంది. మొరసునాడు అన్న పేరు మాకు నచ్చింది. అది మూడు రాష్ట్రాల హద్దులను పట్టించుకోని పేరు, ప్రవాసమన్న ఊసు లేని పేరు.

మా పేచీ ఈ రచనలతో కన్నా వాటికి నడిబొడ్డు నుంచి వచ్చే సమీక్షలతోనే ఎక్కువ. మట్టి వాసన, అమ్మమ్మ మాట, కనుమరుగవుతున్న యాస, అంతరించిపోతున్న తెలుగు: ఈ నాలుగు మాటలతో సమీక్ష పూర్తవుతుంది. సమీక్షకుడికి ఆ ఊరు ఒక వస్తుప్రదర్శనశాల. అక్కడివారు మాటలను భద్రపరచిన కాపలాదారులు. వారికి రేషను షాపు క్యూ ఉందని, గ్రామసభ ఉందని, జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో ఆ సభలో లేచి మాట్లాడాలో వద్దో తేల్చుకోవలసిన సంకటం ఉందని ఆ సమీక్షలో కనిపించదు. ఇలాంటి మెప్పును ఎదురుచూసే కొత్త రచయిత తెలియకుండానే తన కథనుంచి తమిళ మాటలు ఏరివేస్తాడు. చిట్టా, మను, వి.ఏ.ఓ. పోయి పాత్ర నోట అచ్చతెలుగు మిగులుతుంది. భాష శుభ్రపడుతుంది, మనిషి మాత్రం పౌరుడు కాకుండా పోతాడు. సర్కారుతో అతని సంబంధమంతా ఆ తమిళ మాటల్లోనే ఉంది కదా. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం మాట్లాడే పాత్రను ఒక్క తెలుగులోనే ఎలా రాయాలన్నది నిజమైన శిల్పసమస్య. దాన్ని యాస సమస్యగా కుదించడం విమర్శకుల బద్ధకం.

ఊరి పేరు దగ్గర కూడా ఈ బద్ధకం కనిపిస్తుంది. కొండ శూలంలా ఉందని మన పండితులు 'శూలగిరి' అని దిద్ది రాస్తారు. ఊరివారి నోట, బస్సు బోర్డు మీద అది సూళగిరి. దిద్దినవారి ఉద్దేశం మంచిదే, కాని ఊరి పేరు ఊరివారిది.

2024 జూన్‌లో కృష్ణగిరి లోక్‌సభ సభ్యుడు కె. గోపీనాథ్ తెలుగులో ప్రమాణస్వీకారం చేశారు. అంతకు ముందు ఆయన హోసూరు శాసనసభ్యుడిగా పనిచేసినవారు. ఆ దృశ్యం తెలుగువారందరినీ సంతోషపెట్టింది, మేమూ సంతోషించాం. ఆ సంబరంలో ఎక్కువమంది గమనించని సంగతి, తమిళనాడు ఓటర్లు ఎన్నుకున్న సభ్యుడు తమిళనాడు ప్రతినిధిగానే ఆ భాషలో ప్రమాణం చేశాడన్నది. దానిని ఆంధ్రుల విజయంగా రాసిన శీర్షికలు ఆ పనిలోని అందాన్ని తగ్గించాయి. తెలుగు ఆంధ్ర, తెలంగాణల భాష మాత్రమే కాదు, తమిళనాడు పౌరుల భాషల్లో ఒకటి అన్నదే అక్కడ జరిగిన ప్రకటన. ఢిల్లీలో ఇది సాధ్యమైంది. సూళగిరి పంచాయతీ యూనియన్ కచేరీలో సోమవారం నాడు తెలుగులో రాసిన మను ఇస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న.

ఈ సంచిక చదివే విద్యార్థుల్లో చాలామంది తెలుగు రాష్ట్రాలకు వెలుపల చదువుకుంటున్నవారు. సిద్ధాంత వ్యాసానికి విషయం వెదుక్కునేటప్పుడు జానపద గేయాలు, సామెతలు, పెళ్ళి పాటలు సేకరించమని ఆచార్యులు చెబుతారు, అది చెయ్యవలసిన పనే. దానితోబాటు అర్జీలు కూడా సేకరించమని మా సూచన. సరిహద్దు ఊళ్ళలో పాత ట్రంకు పెట్టెల్లో అవి దొరుకుతాయి. 1960కి ముందు తెలుగులో రాసినవి, తరువాత తమిళంలో ఎవరిచేతనో రాయించినవి, మధ్యలో తమిళ లిపిలో తెలుగు సంతకాలున్నవి ఉండవచ్చు. వాటిలో ఎవరిని ఏమని సంబోధించారు, కష్టం ఏ మాటల్లో చెప్పుకున్నారు, తెలుగు ఎక్కడ ఆగి తమిళం ఎక్కడ మొదలైంది అన్నవి శైలీ పరిశీలనకు తగిన విషయాలే. పక్కనే కుప్పంలో 1997లో స్థాపించిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, ఈ పనికి అంతకన్న అనువైన చోటు వేరే లేదు. అర్జీతోబాటు దానికి వచ్చిన జవాబు కూడా దొరికితే జాగ్రత్త చేయాలి. 350వ అధికరణం అర్జీ ఏ భాషలో ఇవ్వవచ్చునో చెప్పింది గాని జవాబు ఏ భాషలో ఇవ్వాలో చెప్పలేదు. రక్షణ సూత్రాలు మాత్రం అర్జీ ఇచ్చిన భాషలోనే జవాబివ్వమంటాయి.